ఎక్స్‌రేలో ఏమీ లేదు

మా అమ్మాయి కుడి మణికట్టుకు మొదటి ఎక్స్‌రే తీసింది నేనే. నిజామాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పద్నాలుగేళ్లుగా నా ఉద్యోగం అదే. బాత్రూంలో జారిపడ్డవాళ్లు, బండి మీది నుంచి పడ్డవాళ్లు, చెరకు లోడు దించుతూ చెయ్యి నలగ్గొట్టుకున్నవాళ్లు నా గదిలోకి వస్తారు. చెయ్యి ఎలా పెట్టాలో చూపిస్తాను, కదలొద్దని చెప్తాను, తెర వెనక్కి వెళ్లి బటన్ నొక్కుతాను. ప్రాక్టీసులో మణికట్టు నొస్తోందంటే, ఆ సాయంత్రం రోగులు తగ్గాక మా పాపను బల్ల దగ్గర కూర్చోబెట్టి అదే మాట చెప్పాను. ఆమె కదలలేదు. పదకొండేళ్ల పిల్ల అంత నిశ్చలంగా కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. జిమ్నాస్టిక్స్ నేర్పించింది ఇదే కదా అని లోపల గర్వపడ్డాను కూడా.

ఎముకల డాక్టరు కంప్యూటరు మీద బొమ్మ చూశారు. "ఏమీ లేదు, విరగలేదు. మూడు వారాలు ప్రాక్టీసు ఆపండి. నొప్పి తగ్గకపోతే మళ్లీ తీసి చూద్దాం" అన్నారు. ఆయన చెప్పింది మూడు మాటలు. నేను ఇంటికి తీసుకుపోయింది మొదటి మాట ఒక్కటే. ఆ తర్వాత ఏడు నెలల పాటు, ఎవరు అడిగినా, "ఎక్స్‌రేలో ఏమీ లేదు" అనే చెప్పాను.

మేం బోధన్‌లో ఉంటాం. నా భార్య కోటగిరి దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. పాపకు ఎనిమిదేళ్లప్పుడు చర్చిలో పిల్లల కార్యక్రమం జరిగింది. తన వంతు పాట అయిపోయాక, ఎవరూ అడగకుండానే, చేతుల మీద లేచి స్టేజీ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి వెళ్లింది. అంతా చప్పట్లు కొట్టారు. నిజామాబాదులో జిమ్నాస్టిక్స్ నేర్పే సారు ఒకాయన ఉన్నాడని అక్కడే ఎవరో చెప్పారు. ఆ మరుసటి ఏడాది బడి కూడా నిజామాబాదుకు మార్చేశాం. పొద్దున నాతోపాటు బస్సెక్కేది. బడి అయ్యాక హాలుకు పోయేది. నేను డ్యూటీ దిగి వెళ్లేసరికి చేతులకు తెల్ల పొడితో, చెమటతో ఎదురొచ్చేది. తిరుగు బస్సులో నా భుజం మీద నిద్రపోయేది. ఆ మూడేళ్లూ మా ఇంట్లో ఇంతకన్నా మంచి రోజులు లేవు.

హాలంటే రేకుల కప్పు వేసిన పాత గోడౌను. లోపల పరుపులు, నడవడానికి సన్నటి బీము, పరుగెత్తుకొచ్చి చేతులు ఆనించి ఎగిరి దూకే వాల్టు. సారుకు నలభై దాటి ఉంటాయి. చెడ్డవాడు కాదు. పిల్ల పడబోతుంటే తన చెయ్యి అడ్డం పెట్టేవాడు. అట్లా ఆయన వేళ్లు రెండుసార్లు విరిగాయి, రెండుసార్లూ ఎక్స్‌రే తీసింది నేనే. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత జరిగినదానికి ఆయన ఒక్కణ్ణే బాధ్యుణ్ణి చేయడం నాకు చాలా తేలిక. కొన్నాళ్లు అదే పని చేశాను కూడా.

మొదటి ఎక్స్‌రే సంగతి చెప్పడానికి వెళ్లినప్పుడు ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"మూడు వారాలు ఇంట్ల కూసోబెట్టకు అన్నా. రానియ్యి. చేతుల మీద ఏం చేపియ్య. కాళ్లది, నడుముది చేపిస్త. లేకుంటే కూసొని సూస్తది. ఇంట్ల ఉంటే పిల్లకు భయం పడ్తది. మల్ల వాల్టు ఎక్కాల్నంటే కాళ్లు వణుకుతయ్."

ఆ మాట నాకు సబబుగానే అనిపించింది. ఇంటికొచ్చి నా భార్యతో చెప్పాను. ఆమె అన్నం వడ్డిస్తూ ఆగిపోయింది.

"డాక్టర్ ఆపుమన్నంక ఆపుడే గదా. ఆడికి పోయి కూసొని సూసుడేంది? ఆకలైన పిల్లను తీస్కపోయి బువ్వ తినే బంతి పక్కన కూసోబెట్టి, తినకు బిడ్డా అన్నట్టుంటది."

ఆ వారం ఆమె మాటే నెగ్గింది. పాప బడి నుంచి నేరుగా నా ఆసుపత్రికి వచ్చి, వరండాలో హోంవర్కు చేసుకుంటూ కూర్చునేది. గొడవ చేయలేదు, ఏడవలేదు. అట్లా ఊరుకుందంటేనే మాకు అర్థమై ఉండాల్సింది.

ఆ ఆదివారం నా భార్య ముందు గదిలో గోడ తుడుస్తూ నన్ను పిలిచింది. దాదాపు నా తల ఎత్తున, గోడ మీద రెండు మట్టి మరకలు పక్కపక్కనే ఉన్నాయి. బల్లి మరకలనుకున్నాను. ఆమె తడిగుడ్డతో తుడిచేసింది. మర్నాడు సాయంత్రానికి మళ్లీ అదే చోట రెండు మరకలు. అప్పుడు దగ్గరికి పోయి చూశాను. అవి మడమలు. బస్సు దిగి నేను కూరగాయలకు పోయి, నా భార్య ఇంకా ఇంటికి చేరని ఆ కాసేపట్లో, ముందుగా వచ్చి పక్కింటి వాళ్ల దగ్గర తాళం తీసుకుని, పాప గోడకు కాళ్లు ఆనించి చేతుల మీద నిలబడుతోంది. ఎంతసేపు నిలబడుతోందో తెలియదు. ఎన్నిసార్లో తెలియదు.

సారుతో చెప్తే, "నేనేమన్న అన్నా? నా కండ్ల ముంగట ఉంటే నేనాపుత. ఇంట్ల ఎవలు ఆపుతరు?" అన్నాడు.

నా భార్య కూడా సరేనంది. పాప మళ్లీ హాలుకు పోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు బడి నుంచి ముందు నా ఆసుపత్రికి వచ్చేది, అక్కణ్ణుంచి నేనే తీసుకుపోయేవాణ్ణి.

మొదటి పది పన్నెండు రోజులు సారు మాట నిలబెట్టుకున్నాడు. పాప బీము మీద నడిచేది, నడుము వంచేది, మిగతా పిల్లలు వాల్టు మీదికి పరుగెత్తుతుంటే గోడ పక్కన మోకాళ్లు దగ్గరికి లాక్కుని చూసేది. ఆ చూపు నాకు బాగా గుర్తుంది. ఏ రోజు లేచి వరసలో నిలబడిందో మాత్రం చెప్పలేను. "ఒక్కసారి అలకగ చేసి సూడు బేటా, నొస్తే ఆపేయ్" అని ఆయన అన్నాడట. నొప్పి లేదని ఈమె చెప్పిందట. తర్వాత మణికట్టు చుట్టూ ఆటగాళ్లు బిగించుకునే టేపు వచ్చింది. టేపు వచ్చాక అందరికీ ధైర్యం వచ్చింది.

ఆ హాలులో టేపు లేని పిల్లలు తక్కువ. ఒక పెద్దమ్మాయికి చీలమండకు, ఇంకొకరికి మోకాలికి. చిన్న పిల్లలు ఏ నొప్పీ లేకుండానే తమకూ చుట్టమని సారు వెంట పడేవాళ్లు. అది చూసి మేమంతా నవ్వుకునేవాళ్లం.

చలికాలం వచ్చింది. బోధన్ రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లు మొదలయ్యాయి, బస్సు వాటి వెనకాల నత్తలాగా పోయేది. ఆ బస్సులోనే కొన్ని చూశాను. పాప నీళ్ల సీసా మూత పళ్లతో తీస్తోంది. సీట్లోంచి లేచేటప్పుడు ఎడమ చేత్తోనే రాడ్డు పట్టుకుంటోంది. చర్చిలో పాటల పుస్తకం ఎడమ అరచేతి మీద పెట్టుకుని, పేజీ గడ్డంతో తిప్పుతోంది. ఇంట్లో నేల మీంచి లేచేటప్పుడు అరచెయ్యి ఆనించడం మానేసి పిడికిలి ఆనిస్తోంది. మణికట్టు వెనక్కి వంచలేనివాళ్లే అట్లా లేస్తారు. ఆ సంగతి మా ఆసుపత్రిలో ఊడ్చే ఆమెకు కూడా తెలుసు.

నేను అడగలేదని కాదు. రోజూ అడిగాను.

"నొస్తున్నదా బిడ్డా?"

"లేదు డాడీ."

ఎప్పుడు అడిగేవాణ్ణంటే, హాలు గుమ్మం దగ్గర, ఆమె సంచీ భుజానికి తగిలించుకుంటుండగా. నా చెయ్యి ఒకటి అప్పటికే ఆమె వీపు మీద ఉండేది, లోపలికి పంపడానికి.

రాష్ట్ర జట్టు ఎంపికలు హైదరాబాదులో అన్నారు. మా పాప పేరు ఉంటుందని సారు గట్టిగా చెప్పాడు. చర్చిలో ప్రార్థన చేయించాం. ఎంపికలకు ఇంకా తొమ్మిది రోజులున్నాయనగా ధర్పల్లి నుంచి ఒక పిల్లను నా గదికి తెచ్చారు. జామచెట్టు మీంచి పడిందట. మా పాప ఈడే. చెయ్యి ముట్టుకోకముందే ఆసుపత్రి అదిరిపోయేలా అరిచింది. ఆమె తల్లి కూడా ఏడుస్తోంది. "గంత లొల్లి వద్దు తల్లీ, అయిపోయింది" అని సముదాయిస్తూ బొమ్మ తీశాను. తెర మీద ఆ పిల్ల మణికట్టు కనిపించింది. ఎముక కొసకు కొంచెం ఇవతల సన్నని నల్ల గీత. పిల్లల ఎముక పెరిగేది ఆ గీత దగ్గరే. ఆమెకు అది శుభ్రంగా, దారం లాగిపెట్టినట్టు ఉంది. ఎముక మాత్రం కాస్త పైన చిట్లింది. ఆరు వారాల కట్టు, అంతే.

వాళ్లు వెళ్లిపోయాక ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. సాయంత్రం మా పాప వస్తుంది. రెండు నిమిషాల పని. ఎవరినీ అడగక్కర్లేదు. మొదటిసారి అట్లాగే తీశాను కదా.

తీయలేదు. బొమ్మ తీస్తే అది ఉంటుంది. ఉన్నదాన్ని డాక్టరుకు చూపించాలి. తొమ్మిది రోజులు ఆగితే ఏమవుతుంది అనుకున్నాను. ఆ సాయంత్రం పాప వచ్చి వరండాలో కూర్చుంటే, ఆలస్యమైందని కసిరి, హాలుకు నేనే తొందరపెట్టి తీసుకుపోయాను.

హైదరాబాదులో ఆమె వాల్టు మూడుసార్లు చేసింది. మూడోసారి దిగి, రెండు చేతులూ పైకెత్తి నిలబడి, నవ్వి, జడ్జిలకు దండం పెట్టింది. పక్కకు వచ్చాక కుడి చెయ్యి పొట్టకు ఆనించి, ఎడమ చేత్తో కప్పుకుంది. చలేస్తుందేమో అనుకున్నాను. మధ్యాహ్నం జాబితా చదివారు. అందులో ఆమె పేరు ఉంది. సారు నన్ను కౌగిలించుకున్నాడు. నేను నలుగురికి ఫోన్లు చేశాను.

చర్చిలో తెలిసినాయన కారులో ముగ్గురం తిరిగి వస్తున్నాం. ఎండ ఇంకా ఉండగానే ఇందల్వాయి దాటక ముందు ఒక హోటలు దగ్గర ఆపాం. పాపకు దోశ తెప్పించాం. ఆమె ఎడమ చేత్తో తుంచుకుంటోంది.

"కుడి చేత్తోటి తిను" అంది నా భార్య.

"గిట్లనే మంచిగున్నది మమ్మీ."

నా భార్య స్టీలు గ్లాసులో నీళ్లు నిండా పోసి పాప ముందు పెట్టింది. "కుడి చేత్తోటి లేపు."

పాప నా వైపు చూసింది. తర్వాత గ్లాసు పట్టుకుంది. బల్ల మీద నుంచి బెత్తెడు లేపింది. గ్లాసు పడింది, నీళ్లు దోశ మీదుగా నా ఒళ్లోకి వచ్చాయి. "జారింది" అని పాప నవ్వింది. నా భార్య ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, బొటనవేలి వైపు ఎముక మీద తన వేలు పెట్టి మెల్లగా నొక్కింది.

అరుపు రాలేదు. ముఖంలో ఏమీ మారలేదు, పెదవుల మీది నవ్వు అట్లాగే ఉంది. కళ్లలోంచి మాత్రం నీళ్లు కారిపోతున్నాయి, అవి వేరే ఎవరివో అయినట్టు.

నా భార్య చెయ్యి వదిలేసి నన్ను చూసింది. "రేపు పొద్దుగాల ఫోటో తియ్యి. నువ్వు తియ్యకుంటే నేను వేరే దవాఖానల తీపిస్త."

తీశాను. బటన్ నొక్కి తెర వైపు తిరగడానికి నాకు కాస్త సమయం పట్టింది. నల్ల గీత ఒకచోట వెడల్పైంది, ఎలుకలు కొరికిన గుడ్డలా అంచులు చెదిరాయి. ఒకచోట అసలు గీతే లేదు. అక్కడ ఎముకకు ఎముక అతుక్కుని తెల్లగా ఉంది. నేను డాక్టరును కాను. కానీ అది చదవడానికి డాక్టరు అవసరం లేదు.

ఎముకల డాక్టరుకు చూపించాను. ఆయన మొదటి బొమ్మ తెప్పించి పక్కన పెట్టుకున్నారు. పాపను అడిగారు: "ఎప్పటి నుంచి నొప్పి ఉందమ్మా?"

పాప నా వైపు చూసింది.

"డాడీని చూడకు. నాకు చెప్పు."

"మొదటి సంది సార్. నడుమ ఒక వారం తక్కువైంది. మల్ల షురువైంది."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే రావద్దంటరని."

ఆ సాయంత్రం సారు బోధన్‌కు వచ్చాడు. మా ఇంట్లో కుర్చీ చివరన కూర్చున్నాడు. చాయ్ తాగలేదు. "రోజు అడిగిన అన్నా. నొస్తలేదు సార్ అన్నది. పిల్ల చెప్తే నమ్మొద్దా?" అన్నాడు. "నాకు కూడ గట్లనే చెప్పింది" అన్నాను నేను. ఒకరినొకరం ఓదార్చుకుంటున్నట్టుగా ఉన్నాం.

నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. "అడిగిండ్రు," అంది. "మీరిద్దరు కూడ లేదు అని చెప్పిచ్చుకునేటట్టే అడిగిండ్రు. అది లేదు అన్నది. ఇంకేమంటది?"

సారు లేచి వెళ్లిపోయాడు. రాష్ట్ర జట్టులో మా పాప స్థానంలో ఇంకో జిల్లా పిల్ల వెళ్లింది.

ఆ తర్వాతి ఏడాది మేం ఎదురుచూడటంతోనే గడిచింది. ముంజేతికి రెండు ఎముకలు. బొటనవేలి వైపుది పెరగడం ఆగిపోయింది, చిటికెన వేలి వైపుది పెరుగుతూనే ఉంది. మూడు నెలలకోసారి బొమ్మ తీసేవాణ్ణి. ప్రతి బొమ్మలో పక్క ఎముక కొంచెం కొంచెంగా ముందుకు తోసుకొస్తూ, మణికట్టును ఒక పక్కకు నెడుతూ కనిపించేది. పిల్ల పెరుగుతుంటే ఏ తండ్రికైనా సంతోషం. మా ఇంట్లో గౌను పొట్టైందంటే నా భార్యా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం. చివరికి హైదరాబాదులో ఒక పెద్ద డాక్టరు చెప్పారు: బాగున్న ఎముకను కూడా ఆపేయాలి. ఆపరేషను చేసి ఆ గీతను మూసేస్తే రెండూ సమానంగా ఉంటాయి. చెయ్యి కొంచెం పొట్టిగా ఉంటుంది, కానీ వంకర పోదు. ఏ లోపమూ లేని ఎముకను ఆపమని నేను సంతకం పెట్టాను.

ఆపరేషను మర్నాడు వార్డులో నర్సు వచ్చింది. చిన్న వయసు అమ్మాయి. "నొప్పి ఎంతుంది పాపా? ఒకటి నుంచి పది దాకా అంకెలో చెప్పు. అసలు లేకపోతే సున్నా" అంది. మా పాప వెంటనే చెప్పలేదు. తల తిప్పి నా ముఖం చూసింది. జాగ్రత్తగా చూసింది, ప్రశ్నపత్రం చదివినట్టు. నాకు ఏ అంకె కావాలో వెతుకుతోందని అర్థమైంది. లేచి బయట వరండాలోకి వెళ్లిపోయాను. నేను వెళ్లాక ఆమె ఎనిమిది అని చెప్పిందని నా భార్య తర్వాత చెప్పింది.

కట్టు విప్పిన కొన్నాళ్లకు పాప హాలుకు పోతానంది. నేను వద్దన్నాను. ఆ గుమ్మం తొక్కనివ్వనన్నాను. ఆశ్చర్యంగా, నా భార్య పోనీ అంది.

"ఆడ దాని దోస్తులున్నరు. చెయ్యి పోయింది సాలదా, వాళ్లు కూడ పోవాల్నా? నేను తీస్కపోత. నేను పక్కన కూసుంట."

ఇప్పుడు పాపకు పద్నాలుగేళ్లు. శనివారాలు తల్లీ కూతుళ్లు నిజామాబాదు వస్తారు. హాలులో గోడ పక్కన బెంచీ మీద కూర్చుంటారు. సారు ఇప్పుడు దెబ్బ తగిలిన పిల్లల్ని రమ్మంటాడు గానీ, ఇంట్లోవాళ్లు ఎవరైనా పక్కన కూర్చుంటేనే. డాక్టరు చీటీ చూపించందే బెంచీ మీంచి లేవనివ్వడు. దెబ్బ తగిలిన పిల్లల్ని ప్రాక్టీసుకు పంపాలా వద్దా అని నన్ను ఆసుపత్రిలో తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఇంట్లో పెడితే ఏమవుతుందో, హాలుకు పంపితే ఏమవుతుందో నేను రెండూ చూశాను. ఎక్కడున్నా ఆ పిల్ల నొప్పి అని చెప్పినప్పుడు ముఖం మాడ్చుకోని మనిషి ఒకరు పక్కన ఉండాలి. మా పాపకు అట్లాంటి మనిషి వాళ్లమ్మే. హాలుకు తీసుకుపోయింది మాత్రం నేను.

మొన్న శనివారం నా డ్యూటీ తొందరగా అయిపోయి, ముగ్గురం కలిసే బస్సెక్కాం. నా భార్యకు ముందు సీటు దొరికింది. పాప, నేను వెనక కూర్చున్నాం. కాసేపటికి పాప చెప్పింది: "మా హాల్ల గా చిన్న పిల్ల లేదా డాడీ, మోకాలు నొస్తుందని ఎవరికి చెప్తలేదు. నేను సార్‌కు చెప్పిన. గిప్పుడు నాతోటి మాట్లాడ్తలేదు."

"మంచిగ చేసినవ్ బిడ్డా. రెండు రోజులైతే గదే మాట్లాడ్తది."

పాప కిటికీ వైపు తిరిగింది. నేనే మళ్లీ అడిగాను, ఎందుకు అడిగానో తెలియదు. "ఆ పిల్లకు నొప్పి ఉన్నట్టు నీకెట్ల తెల్సు?"

"బట్టలు మార్చుకునే రూముల ఏడుస్తది గదా. అందరికి తెల్సు."

"నీదప్పుడు?"

"నాది కూడ అందరికి తెల్సు. రోజు గాడనే ఏడుస్తుంటి. వాళ్లే ముఖం కడిగి పంపుతుండె, నువ్వు బయట నిలబడి ఉంటవని."

కండక్టరు టికెట్ల కోసం వచ్చాడు. ముగ్గురికీ తీసుకున్నాను. పాప తల నా భుజానికి ఆనించలేదు, కిటికీకి ఆనించుకుంది.